ఊరంతా ఒక్కసారే బయల్దేరితే... క్యూ వెనుక ఉన్న లెక్క

దీపావళి వచ్చిందంటే సూరత్ నగరం ఉన్నట్టుండి నెమ్మదిస్తుంది. రింగ్ రోడ్డు మీది బట్టల మార్కెట్లు షట్టర్లు దించేస్తాయి. వజ్రాలు సానపట్టే కార్ఖానాలకు వారాల తరబడి సెలవు. ఏడాది పొడవునా టకటకలాడే మరమగ్గాలు కూడా ఆగిపోతాయి. గుజరాత్ పాఠశాలలకు ఇచ్చే 21 రోజుల దీపావళి సెలవులు కూడా అప్పుడే. అంటే లక్షల కుటుంబాలకు తీరిక దొరికేది ఒకే వారంలో. పిల్లలను ఎక్కడికైనా తీసుకెళ్దామన్న ఆలోచన అందరికీ వచ్చేదీ ఆ వారంలోనే.

ఈ నగరంలో తెలుగువారు తక్కువేమీ కాదు. మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ పరిసరాల్లో తరాలుగా ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడా నడుపుతోంది. మరమగ్గాల మీద పనిచేసేవారిలో చాలామందికి కూలి మీటర్ల లెక్కన వస్తుంది. మగ్గం ఆగిన రోజు ఆదాయమూ ఆగుతుంది. అలాంటి ఇంట్లో ఏడాదికి ఒక్క రోజు పిల్లలతో వాటర్ పార్కుకో, థీమ్ పార్కుకో వెళ్లడమంటే చిన్న ఖర్చు కాదు. టికెట్లు, ప్రయాణం, తిండితో పాటు ఆ రోజు కూలి కూడా ఆ ఖర్చులోనే కలుస్తుంది. అంత పెట్టి వెళ్లాక రెండు నిమిషాల రైడ్ కోసం గంటసేపు ఎండలో నిలబడాల్సి వస్తే మనసు చివుక్కుమంటుంది.

ఆ గంట మన అదృష్టం మీద ఆధారపడి ఉండదు. క్యూ ఎప్పుడు పుడుతుంది, ఎందుకు పెరుగుతుంది, ఎప్పుడు తరుగుతుంది అన్నది చెప్పే శాస్త్రం ఒకటుంది. దానికి వందేళ్లకు పైగా చరిత్ర ఉంది. అందులోని నాలుగైదు సంగతులు తెలిస్తే ఒక కుటుంబం తన సెలవు రోజును చాలావరకు కాపాడుకోవచ్చు.

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పుట్టిన శాస్త్రం

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో టెలిఫోన్ చేయాలంటే ఎక్స్ఛేంజీలో ఖాళీ లైను దొరకాలి. ఎన్ని లైన్లు వేయాలన్నది కంపెనీకి పెద్ద చిక్కు. ఎక్కువ వేస్తే డబ్బు దండగ, తక్కువ వేస్తే వినియోగదారులు గంటల తరబడి ఎదురుచూడాలి. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన డెన్మార్క్ గణిత శాస్త్రవేత్త అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ ఈ చిక్కును గణితంగా మార్చాడు. 1909లో ఆయన ప్రచురించిన పత్రం క్యూ సిద్ధాంతానికి పునాది అయింది.

ఎవరు ఎప్పుడు ఫోన్ చేస్తారో ముందుగా చెప్పలేం. కానీ వేలమందిని కలిపి చూస్తే ఆ అనిశ్చితిలోనూ ఒక క్రమం కనిపిస్తుంది. ఎర్లాంగ్ పట్టుకున్నది ఆ క్రమాన్నే. వాయువులో ఒక్కో అణువు ఎటు పోతుందో చెప్పలేకపోయినా మొత్తం వాయువు పీడనాన్ని భౌతిక శాస్త్రం కచ్చితంగా లెక్కగట్టినట్టే ఇదీ. పార్కులో రోలర్ కోస్టర్, రేషన్ దుకాణంలో కాటా, ఆసుపత్రిలో ఓపీ కౌంటర్... అన్నింటికీ ఇదే గణితం వర్తిస్తుంది.

చెరువు, తూము

క్యూను అర్థం చేసుకోవడానికి మనకు తెలిసిన చెరువు చాలు. వాగు నుంచి నీళ్లు వస్తుంటాయి, తూము నుంచి బయటికి పోతుంటాయి. వచ్చేది పోయేదానికన్నా ఎక్కువైతే చెరువు నిండుతుంది. రైడ్ ముందు క్యూ కూడా అలాంటి చెరువే. తూము వెడల్పు అంటే గంటకు ఎంతమందిని ఎక్కించుకోగలదన్న రైడ్ సామర్థ్యం.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఒక రైడ్ గంటకు 600 మందిని ఎక్కించుకోగలదు. పార్కు ఉదయం 10 గంటలకు తెరుస్తారు. మొదటి గంటలో ఆ రైడ్ దగ్గరకు 400 మంది వచ్చారు. 11 నుంచి 12 దాకా 900 మంది, 12 నుంచి 1 దాకా మరో 900 మంది. తర్వాతి గంటల్లో వరుసగా 600, 500, 400, 300 మంది. మొత్తం ఏడు గంటల్లో 4,000 మంది. రైడ్ ఏడు గంటల సామర్థ్యం 4,200. పైకి చూస్తే అందరికీ చోటుంది, క్యూ ఉండకూడదు.

ఇప్పుడు గంట గంటకూ లెక్క వేద్దాం. 11 గంటలకు క్యూ దాదాపు లేదు. 12 గంటలకు 300 మంది మిగిలారు, అంటే అరగంట నిరీక్షణ. ఒంటిగంటకు 600 మంది, అంటే గంట నిరీక్షణ. తర్వాతి గంటలో వచ్చినవారూ ఎక్కినవారూ సమానమే, అయినా క్యూ గంట దగ్గరే నిలిచింది. 3 గంటలకు 50 నిమిషాలు, 4 గంటలకు 30 నిమిషాలు. 5 గంటలకు క్యూ మాయమైంది.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. మొదటిది, కొత్తగా వచ్చేవాళ్లు తగ్గినా క్యూ వెంటనే తగ్గదు. వాన వెలిసిన తర్వాత కూడా చెరువు నిండుగానే ఉంటుంది కదా. మధ్యాహ్నం 2 గంటలకు మీరు నిలబడే క్యూ నిజానికి 12 గంటలప్పుడు వచ్చిన జనం మిగిల్చిపోయిన బాకీ. రెండోది మరింత ముఖ్యం. ఉదయం మొదటి గంటలో 200 సీట్లు ఖాళీగా తిరిగాయి. వాటిని దాచి మధ్యాహ్నం వాడుకోవడం కుదరదు. బస్సు వెళ్లిపోయాక అందులోని ఖాళీ సీటు ఎవరికీ పనికిరానట్టే అవీ వృథా. ఆ వృథా సీట్లలో కూర్చోగలిగేది పొద్దున్నే వచ్చినవాళ్లు మాత్రమే. ‘గేటు తెరిచే సమయానికే అక్కడ ఉండండి’ అన్న సలహా వెనుక ఉన్న గణితం ఇదే.

ముగ్గురు ఎక్కువైతే...

పై లెక్కలో జనం ఎప్పుడు వస్తారో మనకు ముందే తెలుసనుకున్నాం. నిజ జీవితంలో మనుషులు చినుకుల్లా రాలుతారు. ఒకసారి నలుగురు కలిసి వస్తారు, ఒకసారి రెండు నిమిషాలు ఎవరూ రారు. కౌంటర్ దగ్గర ఒకరి పని అర నిమిషంలో అయిపోతుంది, మరొకరు చిల్లర కోసమో, పనిచేయని యూపీఐ కోసమో మూడు నిమిషాలు తీసుకుంటారు. ఈ ఒడిదొడుకుల వల్ల క్యూ సరళరేఖలా పెరగదు.

ఒకే ఒక్క టికెట్ కౌంటర్ ఉందనుకుందాం. సగటున ఒక్కొక్కరికి ఒక నిమిషం పడుతుంది. అంటే గంటకు 60 మందికి టికెట్లు ఇవ్వగలరు. జనం రాక, కౌంటర్ పని రెండూ అనిశ్చితంగా ఉన్నప్పుడు క్యూ సిద్ధాంతం ఇచ్చే సగటు నిరీక్షణ ఇలా ఉంటుంది. గంటకు 48 మంది వస్తే 4 నిమిషాలు. 54 మంది వస్తే 9 నిమిషాలు. 57 మంది వస్తే 19 నిమిషాలు.

54 నుంచి 57కు పెరిగింది ముగ్గురే. నిరీక్షణ మాత్రం రెట్టింపు దాటింది. వచ్చేవారి సంఖ్య సామర్థ్యానికి దగ్గరపడే కొద్దీ క్యూ విపరీతంగా సాగుతుంది. ఎందుకంటే అంత నిండుగా నడిచే కౌంటర్‌కు, మధ్యలో వచ్చిన చిన్న ఆలస్యాన్ని పూడ్చుకునే తీరిక ఉండదు.

ఇదే సూత్రాన్ని తిరగేస్తే శుభవార్త. రద్దీ రోజు నుంచి కాస్త పక్కకు జరిగితే చాలు, నిరీక్షణ అంతకన్నా ఎన్నో రెట్లు తగ్గుతుంది. జనం పదో వంతు తక్కువ ఉన్న రోజున క్యూ సగానికి పడిపోవచ్చు. అందుకే పార్కులోకి వెళ్లాక పరుగెత్తి ఆదా చేసుకునే సమయం కన్నా, ఇంట్లో క్యాలెండర్ ముందు కూర్చుని ఆదా చేసుకునేదే ఎక్కువ.

నిలబడే ముందు ఒక చిన్న లెక్క

క్యూలో చేరాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి మరో సూత్రం ఉంది. అమెరికా శాస్త్రవేత్త జాన్ లిటిల్ 1961లో దీన్ని నిరూపించాడు. వరుసలో ఉన్నవారి సగటు సంఖ్య, ఆ వరుసలోకి గంటకు వచ్చేవారి సంఖ్యను ఒక్కొక్కరు అక్కడ గడిపే సమయంతో గుణిస్తే వచ్చే విలువకు సమానం. చూడటానికి ఇంత సాదాగా ఉన్నా, జనం ఎలా వచ్చినా, ఏ క్రమంలో వెళ్లినా దీర్ఘకాలపు సగటుల్లో ఇది చెదరదు.

దీన్ని పార్కులో వాడుకోవడం తేలిక. రైడ్ పక్కన ఐదు నిమిషాలు నిలబడి ఎంతమంది ఎక్కుతున్నారో లెక్కపెట్టండి. 20 సీట్ల బండి రెండు నిమిషాలకోసారి బయల్దేరుతుంటే నిమిషానికి పదిమంది. మీ ముందు 250 మంది ఉంటే 25 నిమిషాలు పడుతుంది. పక్కనున్న మరో రైడ్‌కు 80 మందే ఉన్నారని అటు పరుగెత్తకండి. అది నిమిషానికి ఇద్దరినే ఎక్కించుకుంటుంటే అక్కడ 40 నిమిషాలు. క్యూ పొడవు కన్నా అది కదిలే వేగం ముఖ్యం.

మొత్తం పార్కుకు కూడా ఈ లెక్క వేయొచ్చు. పన్నెండు రైడ్లు ఉన్నాయనుకుందాం, ఒక్కోటి గంటకు 500 మందిని తిప్పుతుంది. మొత్తం గంటకు 6,000 సీట్లు. పార్కులో 3,000 మంది ఉంటే ఒక్కొక్కరికి సగటున గంటకు రెండు రైడ్లు దక్కుతాయి. 6,000 మంది ఉంటే ఒక్కటే. 12,000 మంది ఉంటే రెండు గంటలకు ఒకటి. ఎంత తెలివిగా తిరిగినా, ఎన్ని చిట్కాలు వాడినా ఈ సగటు మారదు. ఒకరు ఎక్కువ తిరిగితే మరొకరికి ఆ మేరకు తగ్గుతుంది.

డబ్బిచ్చి ముందుకు వెళ్తే

1999లో డిస్నీ పార్కులు ‘ఫాస్ట్‌పాస్’ అనే పద్ధతి మొదలుపెట్టాయి. అప్పట్లో దానికి విడిగా డబ్బు తీసుకునేవారు కాదు. యంత్రం ఇచ్చిన చీటీలో ఉన్న సమయానికి తిరిగొస్తే చిన్న వరుసలోంచి వెళ్లొచ్చు. తర్వాత ప్రపంచమంతటా ఈ ఆలోచన డబ్బు చెల్లించే పద్ధతిగా విస్తరించింది. మన దేశంలో వండర్‌లా పార్కులు ‘ఫాస్ట్‌ట్రాక్’ పేరుతో, ముంబయి–పుణె ఎక్స్‌ప్రెస్‌వే పక్కన ఖోపోలీ దగ్గర 2013లో మొదలైన ఇమాజికా ‘ఎక్స్‌ప్రెస్’ పేరుతో ఇలాంటి టికెట్లు అమ్ముతున్నాయి.

ఈ టికెట్ కొత్తగా ఒక్క సీటును కూడా సృష్టించదు. గంటకు 600 మందిని తిప్పే రైడ్ ముందు మామూలు వరుసలో 300 మంది ఉన్నారనుకుందాం. అందరూ ఒకే వరుసలో ఉంటే చివరి వ్యక్తి నిరీక్షణ 30 నిమిషాలు. పార్కు వంద సీట్లలో 60 సీట్లు ఖరీదైన టికెట్ వారికి కేటాయిస్తే మామూలు వరుసకు గంటకు 240 సీట్లే మిగులుతాయి. అదే చివరి వ్యక్తి ఇప్పుడు 75 నిమిషాలు నిలబడాలి. ముందుకు వెళ్లినవారు మిగుల్చుకున్న సమయం వెనుక నిలబడ్డవారి దగ్గర్నుంచి వచ్చిందే.

మరి కొనాలా వద్దా? ఆ రోజు రద్దీని బట్టి లెక్క వేసుకోండి. మామూలు పనిదినాన క్యూలు పది, పదిహేను నిమిషాలే ఉంటే ఆ టికెట్ వల్ల దక్కేది స్వల్పం. పండుగ రోజున, అదీ ఒక్క పూటే చేతిలో ఉంటే ఉపయోగం ఉండొచ్చు. కానీ నలుగురున్న ఇంటికి ఆ అదనపు ధరను నాలుగుతో గుణించాలి. ఆ డబ్బు పెట్టకుండానే, రెండు రోజులు అటో ఇటో జరిగి వెళ్తే అదే ఫలితం దక్కుతుందేమో ముందు చూసుకోవాలి.

కాళ్ల నుంచి గడియారానికి

క్యూను తగ్గించే మరో దారి, దాన్ని నేల మీద నుంచి గడియారంలోకి మార్చడం. సూరత్ నుంచి సుమారు 150 కిలోమీటర్ల దూరంలో, నర్మదా తీరాన ఏక్తానగర్‌లో 182 మీటర్ల ఎత్తున నిలిచిన స్టాచ్యూ ఆఫ్ యూనిటీ ఇందుకు దగ్గరి ఉదాహరణ. 2018 అక్టోబర్ 31న ఆవిష్కరించిన ఈ విగ్రహం ఛాతీ భాగంలో సందర్శకులు నిలబడి చూసే గ్యాలరీ ఉంది. అక్కడికి చేర్చేవి లిఫ్టులు. లిఫ్టు కూడా సన్నని తూమే. అందుకే గ్యాలరీ టికెట్లను సమయం నిర్ణయించి ఇస్తారు. వాగు నీటిని ఒక్కసారి వదలకుండా వంతులవారీగా కాలువకు వదలడం లాంటిది ఇది. సోమవారాల్లో అక్కడ సందర్శకులను అనుమతించరన్నది గుర్తుంచుకుంటే అనవసర ప్రయాణం తప్పుతుంది.

తెలుగువారికి ఈ పద్ధతి కొత్తది కాదు. తిరుమలలో సమయం నిర్దేశించిన టోకెన్లు తీసుకుని, ఆ వేళకు వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌కు చేరుకోవడం మనకు అలవాటే. చేతిలో టోకెన్ ఉంటే కంపార్టుమెంటులో కూర్చునే సమయం తగ్గుతుంది.

అయితే థీమ్ పార్కుల్లో దీనికో మెలిక ఉంది. ఒక రైడ్‌కు సమయం తీసుకున్న మనిషి ఇంటికి వెళ్లడు. ఆ గంటసేపు పక్క రైడ్ క్యూలో నిలబడతాడు. అంటే ఒకే మనిషి ఒకేసారి రెండు క్యూల్లో ఉన్నట్టు. పెద్ద రైడ్ దగ్గర నేల ఖాళీ అవుతుంది, చిన్న రైడ్ల దగ్గర జనం పెరుగుతారు. మొత్తం సీట్లు పెరగనంతవరకు క్యూ ఒకచోటి నుంచి మరోచోటికి జరుగుతుందే తప్ప ఆవిరైపోదు.

క్యూ వేరు, గుంపు వేరు

క్యూ విసుగు పుట్టిస్తుంది, గుంపు ప్రాణాలు తీస్తుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న గీత చెదిరిపోతే ఏమవుతుందో మనకు చేదు అనుభవాలున్నాయి. 2023 నవంబర్ 11న, దీపావళికి ముందురోజు, సూరత్ రైల్వే స్టేషన్‌లో బిహార్ వైపు వెళ్లే రైలెక్కడానికి జనం ఒక్కసారిగా ఎగబడటంతో ఒకరు చనిపోయారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం గుమిగూడిన భక్తుల మధ్య తొక్కిసలాట జరిగి ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు.

తిరుపతి దుర్ఘటనలో క్యూ శాస్త్రం నేర్పే పాఠం ఒకటుంది. టోకెన్ల ఉద్దేశం కొండ మీద రద్దీని తగ్గించడం. కానీ ‘ముందు వచ్చినవారికి ముందు’ అన్న నియమంతో పరిమిత సంఖ్యలో ఇచ్చేది ఏదైనా తనకంటూ మరో క్యూను పుట్టిస్తుంది. ముందు రావడం వల్ల లాభం ఉన్నంతకాలం జనం ముందే వస్తారు. దీనికి విరుగుడు లాటరీ. ఆర్జిత సేవల టికెట్లకు తిరుమల తిరుపతి దేవస్థానం పాటించే ఎలక్ట్రానిక్ డిప్ ఇలాంటిదే. గడువులోగా ఎప్పుడు నమోదు చేసుకున్నా అవకాశం సమానమే కనుక తోసుకోవాల్సిన అవసరమే రాదు.

గుంపు ప్రమాదకరంగా మారడం వెనుక భౌతిక శాస్త్రం ఉంది. జనసమూహాల మీద పరిశోధన చేసిన అమెరికా ఇంజినీరు జాన్ ఫ్రూయిన్ ప్రకారం, ఒక చదరపు మీటరులో సుమారు ఏడుగురు చేరితే ఆ గుంపు దాదాపు ద్రవంలా ప్రవర్తిస్తుంది. ఎక్కడో వెనుక పుట్టిన తోపు అలలా ముందుకు పాకుతుంది. ఎవరి అడుగు మీదా వారికి అదుపు ఉండదు. పండుగ రోజున గేటు దగ్గరో, షో ముగిసినప్పుడో భుజాలు అన్ని వైపులా తగులుతూ ఉంటే, ముందుకు నెట్టుకుపోవాలని చూడకండి. పిల్లలను ఎత్తుకుని, చేతులు ఛాతీకి అడ్డంగా పెట్టుకుని, అల సద్దుమణిగినప్పుడల్లా ఏటవాలుగా అంచు వైపు జరగండి. పది నిమిషాలు ఆలస్యమైతే పోయేదేమీ లేదు.

నిమిషం ఎందుకు సాగుతుంది?

గడియారంలో గడిచే సమయం, మనసుకు తోచే సమయం ఒకటి కావు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో పనిచేసిన డేవిడ్ మైస్టర్ 1985లో ఈ తేడా గురించి వివరంగా రాశాడు. చేతిలో పనేమీ లేని నిరీక్షణ ఎక్కువసేపు అనిపిస్తుంది. ఎంతసేపో తెలియని నిరీక్షణ ఇంకా ఎక్కువ. అన్యాయం జరుగుతోందనిపిస్తే మరీ ఎక్కువ. పక్కన తోడుంటే తక్కువ.

పార్కుల నిర్వాహకులకు ఇది బాగా తెలుసు. అందుకే వరుసను మలుపులు తిప్పుతారు, దారిలో బొమ్మలూ తెరలూ పెడతారు, ఇక్కడి నుంచి ఇన్ని నిమిషాలని బోర్డు రాస్తారు. పిల్లలతో వెళ్లే తల్లిదండ్రులు కూడా ఇదే పని చేయొచ్చు. ఎంతసేపు పడుతుందో పిల్లలకు ముందే చెప్పండి. ఇంతకుముందు చెప్పిన లెక్కను వాళ్లచేతే వేయించండి. ఐదు నిమిషాల్లో ఎంతమంది ఎక్కారో లెక్కపెట్టి మన వంతు ఎప్పుడొస్తుందో చెప్పమంటే అదే ఒక ఆట అవుతుంది. వాళ్ల అంచనా నిజమైతే మీ నిరీక్షణ మీద గణితం గెలిచినట్టే.

మూడు కౌంటర్లున్న చోట మనం ఎప్పుడూ నెమ్మదిగా నడిచే వరుసలోనే ఇరుక్కుంటామని చాలామంది వాపోతారు. అందులోనూ గణితమే ఉంది. మూడు వరుసలూ ఒకేలా ఉన్నా, అన్నిట్లోకీ మీదే వేగంగా కదిలే అవకాశం మూడింట ఒక వంతే. మిగతా రెండు వంతుల సందర్భాల్లో పక్క వరుస ఏదో ఒకటి మిమ్మల్ని దాటిపోతూ కనిపిస్తుంది. మూడు కౌంటర్లకూ కలిపి ఒకే పాము వరుస పెడితే ఈ బాధ ఉండదు. ముందు వచ్చినవారు ముందే వెళ్తారు.

సూరత్ కుటుంబానికి ఒక ప్రణాళిక

ఈ సూత్రాలన్నీ కలిపి సూరత్‌లోని ఒక నలుగురున్న కుటుంబానికి అన్వయించి చూద్దాం. ఊళ్లోనే ఉన్న అమాజియా వాటర్ పార్కైనా, దూరాన ఉన్న ఇమాజికా అయినా, వేసవిలో సొంతూరికి వెళ్లినప్పుడు హైదరాబాద్ రావిర్యాల దగ్గరి వండర్‌లా అయినా పద్ధతి ఒకటే.

మొదట రోజును ఎంచుకోండి. దీపావళి మరుసటి రోజు నుంచి నాలుగైదు రోజులు అందరికీ సెలవే. గుజరాతీ వ్యాపారులు లాభ్ పాంచమ్ నాడు, అంటే మన కార్తీక శుద్ధ పంచమి నాడు, ముహూర్తం చూసి దుకాణాలు తెరుస్తారు. బడులకు మాత్రం ఇంకా సెలవులు మిగిలే ఉంటాయి. పెద్దల్లో చాలామంది పనికి తిరిగి వెళ్లి, పిల్లలు ఇంకా ఖాళీగా ఉండే ఆ రోజులు తెరిచి ఉన్న కిటికీ లాంటివి. మీ మగ్గం ఇంకా మొదలు కాకపోతే ఆ రోజుల్లో శని, ఆదివారాలు కాకుండా వారం మధ్య రోజును ఎంచుకోండి. ఇక్కడ ఒక్క రోజు జరగడమే మొత్తం ప్రణాళికలో అన్నిటికన్నా విలువైన నిర్ణయం.

టికెట్లను ముందే ఆన్‌లైన్లో తీసుకుంటే కౌంటర్ అనే మొదటి చెరువును దాటేసినట్టే. పిల్లల ఎత్తు ఇంట్లోనే కొలవండి. చాలా పెద్ద రైడ్లకు కనీస ఎత్తు నిబంధన ఉంటుంది. గంటసేపు నిలబడ్డాక గేటు దగ్గర కొలబద్ద చూపించి వెనక్కి పంపితే ఆ పిల్లవాడి బాధ చెప్పనలవి కాదు.

గేటు తెరిచే సమయానికి అక్కడ ఉండండి. లోపలికి వెళ్లగానే గేటు పక్కన కనిపించే మొదటి రైడ్‌కు వెళ్లకండి, అందరూ చేసేది అదే. అందరూ కోరుకునేది, కానీ ఒక్కోసారి కొద్దిమందినే ఎక్కించుకునేది ఏదో ముందే చూసుకుని నేరుగా దాని దగ్గరికి వెళ్లండి. తూము ఎంత సన్నగా ఉంటే చెరువు అంత త్వరగా నిండుతుంది. ఎక్కువమందిని ఎక్కించుకునే పెద్ద రైడ్లను మధ్యాహ్నానికి ఉంచుకోండి.

భోజనం ఒంటిగంటకు కాకుండా పదకొండున్నరకో, రెండున్నరకో చేయండి. అందరూ తినే వేళకు రైడ్ల దగ్గరా, అందరూ రైడ్ల దగ్గరున్న వేళకు భోజనశాలలోనూ ఉండటమే కిటుకు. చాలా వాటర్ పార్కుల్లో వేవ్‌పూల్‌ను నిర్ణీత వేళల్లోనే నడుపుతారు. అలలు మొదలవుతున్నాయన్న ప్రకటన వినగానే జనం అటు పరుగెడతారు. జారుడు గొట్టాల దగ్గర క్యూ తగ్గేది సరిగ్గా అప్పుడే. సాయంత్రం చివరి గంటను ఇష్టమైన రైడ్‌ను మరోసారి ఎక్కడానికి ఉంచుకోండి. అప్పటికి చెరువు ఖాళీ అవుతూ ఉంటుంది. ఆఖరి ప్రవేశం ఎన్నింటికో మాత్రం ముందే అడిగి పెట్టుకోండి.

అందరూ మంగళవారమే వస్తే?

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం వస్తుంది. ఈ సలహా అందరూ పాటిస్తే రద్దీ కూడా వారం మధ్యకే మారదా? ఆర్థికవేత్త బ్రయాన్ ఆర్థర్ 1994లో దీన్ని ఒక చిక్కుముడిగా మలిచాడు. అమెరికాలోని శాంటా ఫే పట్టణంలో ఎల్ ఫరోల్ అనే బార్ ఉంది. వందమందిలో 60 మంది లోపు వస్తే అక్కడ హాయిగా ఉంటుంది, మించితే ఇరుకు. ఎవరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా వెళ్లాలా మానాలా అని తేల్చుకోవాలి. ఖాళీగా ఉంటుందని అందరూ అనుకుంటే అందరూ వస్తారు, అది కిక్కిరిసిపోతుంది. రద్దీగా ఉంటుందని అందరూ అనుకుంటే ఎవరూ రారు. అందరికీ సరిపోయే ఒకే ఒక్క సలహా ఈ చిక్కుముడికి లేదు. అయితే తలా ఒక రకంగా ఊహించినప్పుడు రాకపోకల సగటు ఆ 60 దగ్గరే తిరుగుతుందని ఆర్థర్ కంప్యూటర్ నమూనా చూపింది.

ఆ సగటుకు మించి సూరత్ మనకు మరో సంగతి చూపిస్తుంది. వేరే రోజును ఎంచుకోగలగడమే ఒక సంపద. ఎప్పుడైనా సెలవు పెట్టగలిగినవారు ఖాళీ రోజున వెళ్తారు. డబ్బున్నవారు ఫాస్ట్‌ట్రాక్ కొంటారు. సెలవు రోజును ఎంచుకునే వీలూ లేక, అదనపు టికెట్ కొనే స్తోమతూ లేక ఉన్నవారి మీదే క్యూ బరువంతా పడుతుంది. మగ్గాలు ఆగిన వారంలోనే బయటికి రాగలిగే నేత కార్మికుడి కుటుంబం ఆ వరుసలోనే ఉంటుంది.

అందుకే క్యూను సందర్శకుల తెలివితేటలకే వదిలేయకూడదు. పండుగ వారంలో పార్కు వేళలు పొడిగించడం, గంటల వారీగా ప్రవేశ టికెట్లు ఇవ్వడం, ఉన్న రైడ్లన్నీ పూర్తి సామర్థ్యంతో నడపడం, ఏ రైడ్ దగ్గర ఎంత నిరీక్షణ ఉందో గేటు దగ్గరే బోర్డు మీద చూపడం... వీటిలో దేనికీ కొత్త ఆవిష్కరణ అక్కర్లేదు. ఎన్ని లైన్లు వేస్తే జనం అనవసరంగా ఎదురుచూడకుండా ఉంటారన్న ఎర్లాంగ్ ప్రశ్నను నిర్వాహకులు తమకు తాము వేసుకుంటే చాలు. ఆ లోగా, కార్తీక శుద్ధ పంచమి తర్వాత వచ్చే మొదటి మంగళవారం ఏ తేదీన పడుతుందో క్యాలెండర్‌లో ఒకసారి చూసుకోండి.